ఎవరినీ రావద్దనలేదు

ఆడవాళ్లు వకీళ్లు కాలేరని ఒకప్పుడు ఈ దేశంలో కోర్టులే తేల్చాయి. 1916లో కలకత్తాలో రెజీనా గుహ దరఖాస్తును కొట్టేశారు, 1921లో పట్నాలో సుధాంశుబాల హజ్రాకూ అదే జరిగింది. 1923లో చట్టం తెచ్చి ఆ అడ్డు తీసేశారు. 1961 అడ్వకేట్స్ చట్టం చదివితే కులం పేరు చెప్పిగానీ, ఆడామగా అనిగానీ ఎవరినీ ఆపే మాట ఉండదు. అంటే నూరేళ్లుగా మా వృత్తి గుమ్మానికి రాతపూర్వకంగా ఏ తాళమూ లేదు. అయినా కోర్టు హాలులో ముందు వరుసలో కూర్చునేవాళ్ల ఇంటిపేర్లు ఇప్పటికీ చాలావరకు మా ముందు తరం ఇంటిపేర్లే. చట్టం ఆపలేదు, సర్కారు ఆపలేదు. మరి ఎవరు ఆపినట్టు? నల్లకోటు వేసుకుని ముప్పై ఏళ్లు ఈ ఆవరణలో తిరిగిన నాలాంటివాళ్లం ఆ ప్రశ్నకు జవాబు కోసం ఎక్కడికీ వెళ్లనక్కర్లేదు.

మా వృత్తిలో నియామకమంటే సీనియర్ ఆఫీసులో జూనియర్‌గా చేరడమే. దానికి ప్రకటన ఉండదు, పరీక్ష ఉండదు. తెలిసినాయన ఫోన్ చేసి ‘మావాడు, లా పూర్తయింది, మీ దగ్గర కూర్చోబెట్టుకోండి’ అంటాడు. కాదనం. ఎవరూ చెప్పి పంపని కుర్రాడు ఎన్‌రోల్‌మెంట్ సర్టిఫికెట్ పట్టుకుని వస్తే మాత్రం ఏ ఊరు, ఇంటిపేరేంటి, ఎవరు పంపారు అని అడుగుతాం. చదువు గురించి అడిగేది ఆ తర్వాత, ఒక్కోసారి అసలు అడగం. ‘ఇప్పుడు చోటు లేదు బాబూ, చెబుతాలే’ అని పంపిస్తాం. కులం చూసి పంపారా అంటే లేదనే చెబుతాం, అబద్ధమాడుతున్నామని అనుకోకుండానే చెబుతాం. ఆఫీసులో కేసు కట్టలుంటాయి, జనం గుట్లుంటాయి, నమ్మకస్తుడు కావాలి కదా అనుకున్నాం. నమ్మకస్తుడంటే మా కంటికి ఆనింది మాలాంటివాడే. అందులో దురుద్దేశం లేకపోవచ్చు. కానీ ముప్పై ఏళ్లు అలాగే చేశాక, ఉద్దేశం లేదన్న మాటకు విలువ ఎంతని?

ఇక డబ్బు సంగతి. దీని దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే మిగతా తప్పులన్నిటికన్నా ఎక్కువమందిని బయటికి పంపింది ఇదే. జూనియర్‌కు జీతం ఇవ్వకపోవడం మా వృత్తిలో ఆచారం. పండక్కి కొంత, టైపు ఖర్చులకూ దారి ఖర్చులకూ కొంత చేతిలో పెడతాం. ‘మేమూ ఇలాగే నేర్చుకున్నాం’ అంటాం. నేర్చుకున్న మాట నిజమే. అయితే అప్పుడు మాకు ఊళ్లో పొలం మీద ఎంతో కొంత వచ్చేది, పట్నంలో మేనమామ ఇంట్లో భోజనం దొరికేది. ఆ రెండూ లేనివాడు మూడేళ్లు ఎలా బతుకుతాడని మాలో ఎవరూ అడగలేదు. అడిగితే జవాబుగా జేబులోంచి డబ్బు తీయాల్సి వస్తుంది, అందుకే అడగలేదేమో. కూలి చేసి చదివించిన తల్లిదండ్రులకు నెలనెలా కొంత పంపాల్సినవాడు ఏడాది చూశాడు, రెండేళ్లు చూశాడు, తర్వాత ఏ ఫైనాన్సు కంపెనీలోనో బాకీల వసూలు ఉద్యోగానికి పోయాడు. ‘నిలదొక్కుకోలేకపోయాడు’ అని జాలిపడ్డాం.

2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం లా నేస్తం పేరుతో కొత్త లాయర్లకు మూడేళ్లపాటు నెలకు 5,000 రూపాయలు ఇవ్వడం మొదలుపెట్టింది. వాళ్లు చాకిరీ చేసింది మాకు, డబ్బిచ్చింది ఖజానా. సిగ్గుపడాల్సిన చోట సంతోషించాం, మా బరువు తగ్గిందనుకున్నాం. 2024 అక్టోబరులో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, పట్టణాల్లో జూనియర్లకు నెలకు 20,000, పల్లె ప్రాంతాల్లో 15,000 ఇస్తే బాగుంటుందని సర్క్యులర్ పంపింది. అది సిఫార్సే, ఆదేశం కాదు. ఆ ఒక్క మాట పట్టుకుని మాలో చాలామందిమి దాన్ని పక్కన పెట్టేశాం. చిన్న కోర్టుల్లో అంత ఇచ్చుకోలేని సీనియర్లు ఉన్నారు, కాదనను. ఇచ్చుకోగలిగినవాళ్లం మాత్రం వాళ్ల పేదరికం చాటున నిలబడ్డాం.

ఎన్‌రోల్‌మెంట్ ఫీజు సంగతీ అంతే. చట్టం ప్రకారం 750 రూపాయలు, ఎస్సీ, ఎస్టీలకు 125. రాష్ట్రాల బార్ కౌన్సిళ్లు వసూలు చేసింది వేలల్లో, కొన్నిచోట్ల 40,000 దాటింది. ఆ కౌన్సిళ్లు పరాయివి కావు, మేం ఓట్లేసి గెలిపించుకున్నవి. సంక్షేమ నిధి పెరుగుతుంది, ఏదైనా జరిగితే మా కుటుంబాలకు అక్కరకొస్తుంది అనుకున్నాం. ఆ నిధికి ఇంకా ఒక్క వకాలత్ కూడా వేయని పిల్లలు అప్పు తెచ్చి కడుతున్నారని తెలుసు. చివరికి 2024 జులైలో సుప్రీంకోర్టు గౌరవ్ కుమార్ కేసులో, చట్టంలో ఉన్నదానికి మించి ఒక్క రూపాయి తీసుకోవద్దంది. రోజూ ఎవరో ఒకరి హక్కుల కోసం పిటిషన్లు వేసే మేం, ఈ ఒక్క పిటిషన్ కోసం అన్నేళ్లు ఎదురుచూశాం.

ఆడపిల్లల విషయంలో మేం మంచివాళ్లమని అనుకున్నాం. ‘రాత్రి ఎనిమిదిన్నర దాటాక క్లయింట్లొస్తారు, నువ్వు వెళ్లిపోమ్మా’ అని శ్రద్ధగానే పంపేవాళ్లం. కేసు తయారయ్యేదీ, సాక్షిని ఎలా క్రాస్ చెయ్యాలో తేలేదీ ఆ వేళలోనే. ఆఫీసు వేళలు మార్చుకోవచ్చని మాత్రం తోచలేదు. వాళ్లకు మనోవర్తి, గృహహింస కేసులు, వాయిదా అడిగే పనులు అప్పజెప్పాం. సివిల్ అప్పీళ్లు, హత్య కేసులు మా దగ్గరే ఉంచుకున్నాం. పెళ్లయ్యాక రావడం మానేస్తే ‘మానేస్తుందని ముందే తెలుసు’ అనుకున్నాం. 2021లో ప్రధాన న్యాయమూర్తిగా ఉన్న ఎన్.వి.రమణ గారు దేశంలో 17 లక్షల మంది లాయర్లలో ఆడవాళ్లు 15 శాతమేనని చెప్పారు. కోర్టు సముదాయాల్లో 26 శాతానికి ఆడవాళ్లకు విడిగా మరుగుదొడ్డి లేదని కూడా ఆయనే చెప్పారు. వాయిదాలు పెరిగాయని, జడ్జి కసురుకున్నారని కోర్టులు బహిష్కరించిన మేం, ఆ మరుగుదొడ్డి కోసం ఎన్నడైనా ఒక్క పూట విధులు ఆపామా? నాకైతే గుర్తు లేదు.

తెలుగు మీడియంలో చదివొచ్చినవాళ్లను ఇంగ్లీషు పేరు చెప్పి పక్కన పెట్టాం. మా ప్లెయింట్లలో సగం పాత నమూనాల్లోంచి ఎత్తి రాసినవే, అది మాకూ తెలుసు, నేర్పితే ఆరు నెలల్లో వచ్చేస్తుంది. సాక్షి చెప్పేది తెలుగులో. సాక్షి అబద్ధమాడుతున్నాడో లేదో పట్టాలంటే చెరువు కింద సాగు ఎలా ఉంటుందో, అసైన్డ్ భూమి ఎలా చేతులు మారుతుందో తెలియాలి. అది తెలిసిన పిల్లలను గుమాస్తాతోపాటు ఫైలింగ్ సెక్షన్ చుట్టూ తిప్పాం. ఏజెన్సీలో 1/70 చట్టం కింద నడిచే గిరిజన భూమి కేసుల్లో కోయ మాట తెలిసిన వకీలు దొరక్క, తన పొలం గురించి తానే చెప్పుకోవాల్సిన మనిషి మధ్యవర్తి నోటి మీద ఆధారపడ్డాడు. ఊళ్లో దెబ్బలు తిని అట్రాసిటీ కేసు పెట్టిన మనిషి, మాలో ఎవరి దగ్గరికి వెళితే ఎదుటి పక్షం వాళ్ల చుట్టరికం బయటపడుతుందోనని వెనకాడాడు. ఆ వెనకాడటమే మా వృత్తి మీద వచ్చిన తీర్పు.

పైకొచ్చినవాళ్లు లేరా అంటే ఉన్నారు. 1978లోనే ఒక మహిళ, జస్టిస్ అమరేశ్వరి, మన హైకోర్టు బెంచి మీద కూర్చున్నారు. దళితుడైన జస్టిస్ కె.రామస్వామి 1989లో సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. బొజ్జా తారకం గారు కారంచేడు ఊచకోత మొదలు దళితుల కేసులకు జీవితం ఇచ్చారు. వాళ్లకు సన్మానాలు చేశాం. ఆ ఫొటోలు చూపించి తలుపులు తెరిచే ఉన్నాయని ఏళ్ల తరబడి చెప్పుకున్నాం. వాళ్లు మా వల్ల పైకి రాలేదు, మమ్మల్ని దాటుకుని వచ్చారు. 2018 నుంచి 2022 చివరిదాకా దేశంలో హైకోర్టు జడ్జీలుగా నియమితులైన 537 మందిలో 79 శాతం జనరల్ వర్గంవాళ్లు, ఎస్సీలు 2.8 శాతం, ఎస్టీలు 1.3 శాతం. జడ్జీలను ఎంపిక చేసే కొలీజియాన్ని నిందించడం మాకు అలవాటే. కానీ కొలీజియం బార్‌లోంచి ఎంచుకునేటప్పుడు ఎదురుగా కనబడేది మేం మిగిల్చినవాళ్లే కదా.

ఇప్పుడు మా మీద బాధ్యత ఇంకా పెరిగింది. 2002 నుంచి లా చదివిన వెంటనే జూనియర్ సివిల్ జడ్జి పరీక్ష రాసే వీలుండేది. మా ఆఫీసుల్లో చోటు దొరకని పిల్లలకు అదొక దారి. 2025 మే 20న సుప్రీంకోర్టు మూడేళ్ల ప్రాక్టీసు నిబంధనను మళ్లీ తెచ్చింది. అనుభవం లేని జడ్జీలతో ఇబ్బంది పడ్డామని మేమే చెప్పాం, ఆ తీర్పు మాకు నచ్చింది. అనుభవం కావాలనడంలో తప్పు లేదు. అయితే ప్రాక్టీసు చేశాడని రాసిచ్చేది ఆ కోర్టు ప్రధాన న్యాయాధికారి, లేదా ఆయన ధ్రువీకరణతో పదేళ్లు దాటిన అడ్వకేటు, అంటే మాలో ఒకరు. ఆ మూడేళ్లు గడవడానికి ఇప్పుడు కూలివాడి కూతురు కూడా మా గుమ్మంలోకే రావాలి. మూడేళ్లు ఆమె ఏం తిని ప్రాక్టీసు చేస్తుందో తేల్చకుండా ఆ సర్టిఫికెట్ మీద సంతకం పెట్టే అర్హత మాకు ఎక్కడిది? మా బార్ వచ్చే జనరల్ బాడీ అజెండాలో సభ్యత్వ రుసుము ఉంది, పార్కింగ్ షెడ్డు ఉంది. జూనియర్ల జీతం మాట లేదు. చేర్చమని అడగాల్సింది మేమే, ఇప్పటిదాకా ఎవరమూ అడగలేదు.