కట్ట విప్పాలా, వద్దా?

గత నెల పేరెంట్స్ మీటింగ్ అయ్యాక మిర్యాలగూడ బ్రాంచిలో ఒక తండ్రి అందరూ వెళ్లేదాకా ఆగారు. ఆ తర్వాత సంచిలోంచి చిన్న అట్టపెట్టె తీసి నా టేబుల్ మీద పెట్టారు. పైన ప్లాస్టిక్ చుట్టు చెక్కు చెదరలేదు. పెట్టె మీద 'బ్రష్‌ఫైర్' అన్న పేరు, ఓ మూలన 1999. "తొమ్మిదివేల ఐదువందలు పెట్టి ఆన్‌లైన్ల తెప్పిచ్చిన సార్. మావోడు నెల రోజులు ఒకటే గొడవ. పదేండ్లు దాస్తే లక్షలైతయంటడు. నిజమేనా? ఇది విప్పాల్నా, వద్దా?"

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మూడు చోట్లా నేను లెక్కలు చెబుతాను. మూడు చోట్లా ఆరు, ఏడు తరగతుల బ్యాగుల్లో పోకెమాన్ కార్డులు ఉన్నాయి. మా టీచర్లలో కొందరు వాటిని లాక్కుని బీరువాలో పెడతారు. కొందరు తల్లిదండ్రులు 'పేకాట నేర్చుకుంటున్నార్రా మీరు' అని చింపేస్తారు. రెండూ సరికావని నా అభిప్రాయం. అయితే ఆ తండ్రి అడిగిన ప్రశ్నకు ముందు జవాబు చెప్పాలి. ఎందుకంటే పిల్లలు మన దగ్గరకు తెస్తున్న మాట ఇప్పుడు 'ఆడుకుంటాం' అని కాదు, 'పెట్టుబడి' అని.

పిల్లలు చెప్పేది పూర్తిగా అబద్ధం కాదు. జపాన్‌లో బొమ్మల పోటీ విజేతలకు బహుమతిగా ఇచ్చిన 'పికాచు ఇలస్ట్రేటర్' అనే కార్డును అమెరికా యూట్యూబర్ లోగన్ పాల్ 2021లో 52 లక్షల 75 వేల డాలర్లకు కొన్నాడు. ఇలాంటి వార్త ఒక్కటి చాలు, ఏడో తరగతి మొత్తం వ్యాపారులైపోవడానికి.

ఈ పోకెమాన్ కార్డుల ఆట జపాన్‌లో 1996లో మొదలైంది. ఇంగ్లిష్‌లో 1999 జనవరిలో వచ్చింది. అప్పుడు కార్డులను రెండు రకాలుగా అమ్మారు. ఒకటి ప్యాకెట్. అందులో 11 కార్డులుంటాయి, ఏవి వస్తాయో విప్పేదాకా తెలియదు. రెండోది ముందే సిద్ధం చేసిన కట్ట. ఇందులో 60 కార్డులు. ఆటకు కావలసినవన్నీ కంపెనీయే లెక్క కట్టి పేర్చి ఇస్తుంది. ఇంటికి తెచ్చి విప్పగానే ఆడుకోవచ్చు. మొదటి సెట్‌లో ఇలాంటివి నాలుగు వచ్చాయి: ఓవర్‌గ్రోత్, జాప్, బ్రష్‌ఫైర్, బ్లాకౌట్. ఒక్కో కట్టలో ఒక్కో మెరుపు కార్డు. ఓవర్‌గ్రోత్‌లో గ్యారడోస్, జాప్‌లో మ్యూటూ, బ్రష్‌ఫైర్‌లో నైన్‌టేల్స్, బ్లాకౌట్‌లో హిట్‌మన్‌చాన్. అమెరికాలో ఏ ఊళ్లో కొన్నా, ఎవరు కొన్నా ఇంతే.

సీల్ తీయని ఆ పాత కట్టలు ఇప్పుడు వందల డాలర్లు పలుకుతున్నాయి. ప్యాకెట్లున్న పెట్టెలు దానికి ఎన్నో రెట్లు. లెక్కల మాస్టారుగా నాకు ఆసక్తి కలిగించింది ఈ తేడాయే. రెండూ ఒకే ఏడాదివి, ఒకే కంపెనీవి. మరి కట్ట ఎందుకు చవక? లోపల ఏముందో అందరికీ తెలుసు గనక. ప్యాకెట్లో చారిజార్డ్ ఉండొచ్చు, ఉండకపోవచ్చు. ఆ 'ఉండొచ్చు'కే అంత ధర. అంటే అక్కడ అమ్ముడుపోతున్నది కార్డు కాదు, ఆశ. మన బడి గేటు ఎదురుగా పది, ఇరవై రూపాయల ప్యాకెట్లలో పిల్లలు కొంటున్నదీ అదే. వాటిలో చాలావరకు నకిలీవి, బంగారు రంగు పూసినవి. ఆశ మాత్రం అసలుదే.

మిర్యాలగూడ నాన్నగారు ఇంకో మంచి మాట అడిగారు. ఆయన రైస్ మిల్లులో పనిచేస్తారు. "ధాన్యానికి తేమ చూసే మిషన్ ఉంటది గద సార్, దీనికి లేదా?" అన్నారు. ఉంది. అమెరికాలో పీఎస్ఏ అనే సంస్థ 1991 నుంచి కార్డులకు గ్రేడు ఇస్తోంది. అంచులు, మూలలు, ముద్రణ, గీతలు చూసి 1 నుంచి 10 దాకా మార్కు వేస్తారు. వడ్లు 17 శాతం తేమ దాటితే కేంద్రంలో ఏం జరుగుతుందో మీకు తెలుసు. ఇక్కడా ఒక మూల కాస్త తెల్లబడితే ధర అలాగే జారిపోతుంది. కానీ తేమ చూడాలంటే గింజ చేతికి రావాలి. సీల్ వేసిన పెట్టెలో కార్డు చేతికి రాదు. పెట్టెను, ప్లాస్టిక్‌ను, అతుకును చూసి తెలిసినవాళ్లు అంచనా వేయగలరు, అంతే. లోపల ఉన్నది అసలుదో కాదో కచ్చితంగా తెలియాలంటే విప్పాలి. విప్పితే సీల్ ధర పోతుంది.

కోట్లు ఉన్నవాళ్లు కూడా ఇక్కడ బోల్తా పడ్డారు. ఇందాక చెప్పిన లోగన్ పాలే 2021 చివర్లో మొదటి ఎడిషన్ పోకెమాన్ ప్యాకెట్లనుకుని ఆరు పెట్టెలున్న సీల్డ్ కేసును 35 లక్షల డాలర్లకు కొన్నాడు. మన డబ్బులో దాదాపు 26 కోట్లు. నిపుణులు చూసి అసలువేనని చెప్పిన సరుకే అది. 2022 జనవరిలో షికాగోలో విప్పి చూస్తే లోపల జీఐ జో అనే వేరే బొమ్మల కార్డులున్నాయి. ఆయన డబ్బు తిరిగొచ్చింది. మనం కొన్న చోట అలా తిరిగొస్తుందా?

ఇంకో మోసం చిన్నదే గానీ మన పిల్లలకు ఎక్కువగా తగిలేది అదే. 'మొదటి ఎడిషన్' ముద్ర ఉంటే లక్షలని ఒక నమ్మకం. ఆ రోజుల్లో ఇద్దరు ఆడుకునే స్టార్టర్ సెట్ ఒకటి వచ్చేది. అందులో మచాంప్ కార్డు ఉండేది. ఆ మచాంప్ ఎప్పుడు ముద్రించినా మొదటి ఎడిషన్ ముద్రతోనే వచ్చింది. కాబట్టి ముద్ర ఉన్న మచాంప్‌లు లోకంలో కుప్పలుగా ఉన్నాయి. ముద్ర చూసి అప్పు చేసి కొనకండి.

ఇక టేబుల్ మీది పెట్టె సంగతి. వెనకాల ఒక స్టిక్కర్ ఉంది: 'లోపల చారిజార్డ్!' అంతే, నాకు విషయం అర్థమైంది. బ్రష్‌ఫైర్‌లో ఉండేది నైన్‌టేల్స్ అని ముందే చెప్పాను. జాబితా ఖాయంగా ఉన్న వస్తువులో అదృష్టం ఉందని ఎవరైనా చెబితే ఆ వస్తువు నకిలీదన్నమాట. విప్పుదామన్నాను. తండ్రి తల ఊపారు, కొడుకు మొహం తిప్పుకున్నాడు. లోపల మూడు చారిజార్డ్‌లు, పాలిపోయిన వెనకవైపు, అక్షరాలు తప్పిన పేర్లు. నైన్‌టేల్స్ ఒక్కటీ లేదు. ఆ పిల్లవాడు ఏడవలేదు. "సార్, ఆడుకోవడానికైనా పనికొస్తాయా?" అని అడిగాడు. ఈ వ్యాసం రాయాలనిపించింది అప్పుడే.

ఎందుకంటే నా దగ్గర అసలు కట్ట ఒకటుంది. 2000 వేసవిలో మా మేనమామ న్యూజెర్సీ నుంచి కోదాడ వస్తూ నాకు, మా తమ్ముడికి జాప్ కట్ట తెచ్చాడు. ఆటేమిటో మాకు తెలియదు. రూల్ బుక్కు ఇంగ్లిష్ మాకు అందలేదు. డబ్ల్యూడబ్ల్యూఎఫ్ ట్రంప్ కార్డుల్లాగా ఎవరి కార్డు మీద నంబరు పెద్దదైతే వాళ్లు గెలిచినట్టు ఆడేశాం. కరెంటు పోయినప్పుడల్లా వాకిట్లో చాప మీద అదే ఆట. రెండు కార్డులు పోయాయి. మ్యూటూ మీద టీ మరక. ఆ రోజు విప్పకుండా దాచి ఉంటే ఇప్పుడు కొన్ని వందల డాలర్లు. అయితే మాలాంటివాళ్లు అందరూ విప్పేశారు కాబట్టే విప్పనివాటికి ఆ ధర. అందరూ దాచి ఉంటే అది అట్టపెట్టె ధరకే పోయేది. ఇప్పుడు ముద్రిస్తున్న కార్డులను మాత్రం అందరూ దాస్తున్నారు. ఇరవై ఏళ్ల తర్వాత వాటి సంగతేమిటో ఊహించండి.

2024లో మన సూర్యాపేట జిల్లా ఫణిగిరి తవ్వకాల్లో ఒక మట్టికుండ దొరికింది. అందులో 3,730 సీసపు నాణేలు, ఇక్ష్వాకుల కాలంనాటివి. పేపర్లో చూసే ఉంటారు. సీసానికి తూకం ధర ఎంత? ఏమీ లేదు. ఆ నాణేలు తలా పది పంచుకుంటే అవి ఉత్త సీసం బిళ్లలే. అన్నీ ఒకే కుండలో, ఒకేచోట, లెక్కతో దొరకడం వల్లే వాటికి విలువ. మన పాత గంజీఫా ఆటలో దశావతారాల కట్టకు 120 ముక్కలు. ఒక ముక్క పోతే ఆట లేదు. కట్ట అంటే నాకు అర్థమైనది ఇదే: విడివిడిగా పైసా చేయనివి కూడా కలిసి ఉంటే పనిచేస్తాయి. మన పిల్లలు దీనికి ఎదురు వెళ్తున్నారు. నలభై కార్డులిచ్చి ఒక మెరుపు కార్డు తీసుకుంటున్నారు. చివరికి ఒకడి దగ్గర ఆరు మెరుపు కార్డులుంటాయి, ఆడటానికి కట్ట ఉండదు.

అందుకే నేను చెప్పేది, ప్యాకెట్లకు డబ్బులివ్వకండి. అవి ఎన్ని కొన్నా తనివి తీరదు. పిల్లలు మరీ అడిగితే ఇప్పటి రకం సిద్ధం కట్ట ఒకటి, నమ్మకమైన చోట కొనివ్వండి. పాతది వద్దు, సీల్ కోసం వద్దు. ఇంటికి రాగానే విప్పించండి. ఇద్దరు పిల్లలుంటే రెండు కట్టలు. ఇది పేకాట కాదా అంటే, డబ్బు పెట్టనంతవరకు కాదు. నిజానికి పేకాట లక్షణం ఎక్కడైనా ఉందంటే ఆ ప్యాకెట్లలోనే ఉంది, ఆటలో లేదు.

ఆటలో ఉన్నది లెక్క. ప్రతి ఆటగాడు ముందు 7 కార్డులు తీసుకుంటాడు. ఒకే పేరున్న కార్డు 60లో 4 ఉంటే, ఆ ఏడింటిలో కనీసం ఒకటి వచ్చే అవకాశం ఎంత? క్లాసులో అడిగితే వెంటనే 28 బై 60, అంటే 47 శాతం అంటారు. కాదు, దాదాపు 40. ఎందుకు తగ్గిందో వాళ్లే కనుక్కోవడానికి కోదాడలో రెండు పీరియడ్లు పట్టింది. ఫౌండేషన్ పుస్తకంలో ఇదే లెక్క రంగు గోళీలతో ఉంటే ఎవరూ తలెత్తి చూడలేదు. (మన బడిలో ఆటల పీరియడ్లు వారానికి ఎన్నో నేను ఇక్కడ రాయను. ఈ పత్రిక యాజమాన్యం కూడా చదువుతుంది.)

మా టీచర్లకూ ఒక మనవి. పాఠం మధ్యలో కార్డులు తీస్తే తీసుకోండి, సాయంత్రం గంట కొట్టాక తిరిగివ్వండి. బీరువాలో ఉన్నవి ఎవరివో ఇప్పుడు మనకే తెలియడం లేదు. తల్లిదండ్రులు చింపే ముందు ఒక్కసారి అడగండి, ఇది ఎలా ఆడతారురా అని. వాడు చెప్పలేకపోతే వాడికి ఆట రాదు, కొనడమే వచ్చు. అప్పుడు మాట్లాడాల్సింది ఆ విషయం.

నకిలీ బ్రష్‌ఫైర్ పెట్టె డబ్బు తిరిగి రాలేదు. అమ్మినవాళ్లు ఫోన్ ఎత్తడం లేదు. అందులో ఆటకు పనికొచ్చే కార్డులు ఏరితే నలభై ఒకటి తేలాయి. మిగతా పందొమ్మిదీ ఆ పిల్లవాడు అట్టముక్కలు కత్తిరించి, పేర్లు, నంబర్లు చేత్తో రాసుకుని పూర్తి చేశాడు. చారిజార్డ్ మూడూ ఉంచుకున్నాడు. వచ్చే నెల మీటింగ్ రోజు మధ్యాహ్నం సెవెన్త్ బీ గదిలో నా జాప్ కట్టతో వాడి కట్టకు ఆట పెట్టుకున్నాం. నా కట్టలోనూ రెండు ముక్కలు చీటీలే. మీటింగ్‌కు వచ్చినవాళ్లు అటు రండి.