వెసులుబాటు ఎవరి ఖర్చు?

మొన్న మా కాలేజీలో జరిగిన ఒక సదస్సులో వాణిజ్యశాస్త్రం చెప్పే మిత్రులొకరు సిరిసిల్ల నేతకార్మికులకు హితబోధ చేశారు. ఒకే గిరాకీని నమ్ముకుని మునిగారట, కాలాన్నిబట్టి మారడం నేర్చుకోలేదట. సభలో చప్పట్లు మోగాయి. మాటకు ముందు పడుగనీ పేకనీ ఉపమానాలు వాడే మా తెలుగుశాఖవాళ్లం కూడా కొట్టాం. సాంచెను దగ్గరగా చూసినవాళ్లం మాలో ఎందరమో అడగకండి.

సమర్థతనూ వెసులుబాటునూ తూచి నడపడమే పరిశ్రమ నిర్వహణ అని వారి సిద్ధాంతం. ఒకే రకం సరుకు, ఒకే కొనుగోలుదారు, నిల్వలేని గిడ్డంగి అయితే ఖర్చు తగ్గుతుంది. గిరాకీ తిరగబడితే తట్టుకోవడానికి నిల్వ కావాలి, మరో రకం, మరో బజారు కావాలి. ఇంతవరకు నాకు పేచీ లేదు. కాని ఈ రెండోదానికి డబ్బు ఖర్చవుతుంది. అది ఎవరు పెట్టుకోవాలన్న దగ్గర సిద్ధాంతం గొంతు తగ్గిస్తుంది. నిల్వలు లేకుండా నడపడంలో లోకానికి గురువనిపించుకున్న టయోటా కంపెనీ కూడా 2011 భూకంపం తర్వాత నెలల తరబడికి సరిపడా చిప్పులు నిల్వ ఉండేటట్టు సరఫరాదారులతో ఏర్పాటు చేసుకుంది. స్తోమత ఉంది గనుక చేసుకుంది.

సిరిసిల్లలో ఆ స్తోమత ఎవరికుంది? నూలు బయటనుంచి రావాలి. యజమాని నూలిస్తాడు. ఆసామి కొద్దిపాటి సాంచాలు పెట్టుకుని నేయిస్తాడు. నేసేవాడికి నేసినంత కూలి, వైపనివాళ్లకు చుట్టినంత కూలి. బట్ట రకం మార్చాలంటే కొత్త బీము ఎక్కాలి. అంచూ పువ్వూ కావాలంటే సాంచెకు డాబీయో జకార్డో బిగించాలి. ఆ పెట్టుబడి ఆసామికి అప్పు. బిగించేదాకా ఆగిన రోజులు కార్మికుడికి పస్తు. మారడం నేర్చుకోలేదంటే అర్థం ఇదే!

2017 లో బతుకమ్మ చీరల పథకం మొదలైనప్పుడు వ్యవధి చాలక చాలా చీరలు సూరత్‌నుంచి తెప్పించారు. నాసిరకమని కొన్నిచోట్ల ఆడవాళ్లు వాటిని తగలబెట్టారు. మరుసటి ఏడునుంచి సిరిసిల్ల నేసింది, ఏటా కోటికి దగ్గరగా. పండుగనాటికి అన్ని చీరలు దిగాలంటే ఊరంతా ఒకే రకానికి మళ్లక తప్పదు. ఆ రకాన్ని కోరుకున్నది కార్మికుడు కాదు. 2023 తర్వాత పథకం ఆగింది, బకాయిలు నిలిచాయి. 2024 లో సాంచాలు ఆగాయి, ఆత్మహత్యల వార్తలు మళ్లీ వచ్చాయి. ఆర్డరున్నప్పుడు పన్నెండు గంటలు సాంచె దగ్గర నిలబడడం, లేనప్పుడు భార్య చుట్టే బీడీలమీద ఇల్లు నెట్టడం, అదీ చాలకపోతే భివండీ దారి పట్టడం. మా మిత్రులు సిరిసిల్లలో లేదంటున్న వెసులుబాటు అంతా ఆ ఒక్క మనిషి ఒంట్లోనే ఉంది.

పెట్టుబడి విషయంలో మనమింత కఠినంగా ఉండం. పాత ఆదిలాబాదు జిల్లాలోని కాగజ్‌నగర్ పేపరు మిల్లు 2014 లో మూతపడి, 2018 లో కొత్త యాజమాన్యం కింద, ప్రభుత్వ రాయితీలతో తెరుచుకుంది. తెరిపించడం మంచిదే. మారడం నేర్చుకోలేదని ఆ మిల్లుకు ఎవరూ హితబోధ చేయలేదు. యంత్రం నాలుగేళ్లు ఎదురుచూడగలదు. దాన్ని నడిపినవాళ్ల ఇళ్లలో ఆ నాలుగేళ్లు ఎలా గడిచాయో ఏ సదస్సులోనూ ఎవరూ ప్రస్తావించగా నేను వినలేదు.

మనవాళ్ల లోపమూ చెప్పాలి. మన సంఘాలు ఆర్డర్లివ్వమని ధర్నాలు చేస్తున్నాయి. చేయవలసిందే. మహిళాసంఘాలకు పంచే చీరల ఆర్డరు వచ్చింది, 2025 లో పంపిణీ మొదలైంది. అయితే అదీ ఒకే కొనుగోలుదారు, ఒకే రకం. వేములవాడలో నూలు డిపో 2024 లో మంజూరైంది. దానివల్ల నూలుకు నిల్వ దొరుకుతుంది. ఆర్డరు లేని నెలల కూలికి నిల్వ ఏదీ? రకం మార్చేటప్పుడు సాంచె ఆగిన రోజులకు కూలి కట్టాలని, ఆ మొత్తాన్ని చీర ధరలోనే కలిపి కొనాలని మన తీర్మానాల్లో ఒక్క వాక్యమైనా ఉండాలి. వచ్చే సమావేశానికి నేను పంపుతున్న సవరణ అదే.