అప్పు చేసి ఫలక్‌నుమా!

ఖమ్మం దాటి భద్రాచలం వెళ్లే అడవి దారిలో పెరిగినవాణ్ణి. సర్కారు సొమ్ముతో గుడి కట్టి గోల్కొండ ఖైదులో పడ్డ రామదాసు కథ మా వైపు చంటిపిల్లాడికైనా తెలుసు. ఆయనకు హైదరాబాదులో ఓ జోడీ ఉన్నారు సుమండీ! పాయిగా నవాబు వికారుల్ ఉమ్రా.

1884లో కొండమీద ఫలక్‌నుమా ప్యాలెస్ మొదలెట్టారు. ఇటలీ పాలరాయి, ఒకేసారి 101 మంది కూర్చుని భోంచేసే బల్ల... సరదా తీరింది, అప్పు మిగిలింది. చివరికి ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ సొమ్మిచ్చి మేడ పుచ్చుకున్నారు. రామదాసు బాకీ రాముడే తీర్చాడంటారు. గుడీ నిలిచింది, పేరూ నిలిచింది. నవాబుగారి బాకీ తీరింది గానీ మేడ చేజారింది!

తర్వాత ఎన్నో ఏళ్లు తాళమే. తాజ్ వారు ఓపిగ్గా బాగుచేసి 2010లో హోటల్‌గా తెరిచారు. 2014లో సల్మాన్‌ఖాన్ చెల్లెలి పెళ్లి సందడి అక్కడే.

ఇల్లు తాకట్టు పెట్టి బొమ్మ తీసే మన నిర్మాతలకు ఈ కథ కొత్తేం కాదు. బొమ్మ చరిత్రకెక్కుతుంది, ఇల్లు షావుకారు పేరనెక్కుతుంది. అయినా ఒక్కమాట. అప్పుకు జడిసి ఆ నవాబు చిన్న మేడతో సరిపెట్టుకుంటే, ఇవాళ ఆయన్ని తలుచుకునేవాళ్లమా? మీరే చెప్పండి!