చదవనిది ఒకటి

నా చిన్నతనంలో మా ఇంట్లో ఉత్తరాలన్నీ ఒక ఇనప తీగకి గుచ్చి వేలాడదీసేవారు. చదివిన తరువాతే ఉత్తరం తీగ కెక్కేది కాబట్టి, చదవనివి ఎన్ని అన్న ప్రశ్న ఎవరికీ తోచలేదు. ఇప్పుడు ఉత్తరాలు కంప్యూటరులో వచ్చి పడుతున్నాయి. ఎన్ని చదవలేదో అదే లెక్కగట్టి, ఇన్‌బాక్సు పేరు పక్కన అంకె వేసి చూపిస్తోంది. ఆ అంకెతోనే నాకు తగవొచ్చింది.

వేసవి సెలవులకి కొంచెం ముందు సంగతి. నా ఇన్‌బాక్సు పక్కన ‘1’ వచ్చి కూర్చుంది. చదవని ఉత్తరం లావు అక్షరాల్లో కనిపిస్తుందని మీకు తెలుసు కదా. నాలుగైదు పేజీలు కిందికి జరిపి చూశాను. అలాటిది ఒక్కటీ లేదు. మర్నాడు కొత్తవి రెండు వస్తే అంకె మూడయింది. ఆ రెండూ చదివితే మళ్ళీ ఒకటికి దిగింది. సున్నా మాత్రం కాదు. వారం రోజులు చూసి, లెక్క తప్పిందని తీర్మానించి ఊరుకున్నాను.

మా ఆవిడ మాత్రం, “అప్పులాగా ఆ ఒకటేమిటండీ, ఎప్పుడు చూసినా?” అనేది.

“దానికి లెక్కలు రావులెద్దూ” అనేవాణ్ణి. తెలుగు మేష్టరు కంప్యూటరుకి లెక్కలు రావనడం ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

చివరికి మా కళాశాలలో కంప్యూటరు పాఠాలు చెప్పే కుర్రవాడు ఇంటికొస్తే అడిగాను. అతను చెప్పింది నాకు అర్థమైనంతలో ఇదీ. ఆ అంకె కోసం యంత్రం ప్రతిసారీ ఉత్తరాలన్నీ తిరగెయ్యదు. పక్కన ఒక చిట్టా రాసుకుని, అందులో చూసి చెబుతుంది. థండర్‌బర్డ్ అనే ప్రోగ్రాముంది చూశారూ, అందులో మామూలుగా ఒక్కొక్క పెట్టెలోని ఉత్తరాలన్నీ కలిపి ఒకే పెద్ద ఫైలు. దాని పక్కనే అదే పేరుతో, ఎం.ఎస్.ఎఫ్. అనే తోక తగిలించుకుని చిట్టా ఫైలు ఉంటుంది. చిట్టా రాస్తూ ఉండగా కరెంటు పోయిందనుకోండి. చిట్టా ఒకటి చెబుతుంది, ఉత్తరాలు మరొకటి చెబుతాయి. లెక్క నిజంగానే తప్పుతుంది. వైద్యం సులువే. పెట్టె పేరు మీద మౌసు కుడి మీట నొక్కి, ప్రాపర్టీస్ తెరిచి, రిపేర్ ఫోల్డర్ అన్న బొత్తాం నొక్కాలి. పాత చిట్టా తీసేసి, ఉత్తరాలు మొదటినుంచీ చూసి కొత్త చిట్టా రాసుకుంటుంది. వేలకొద్దీ ఉత్తరాలుంటే కొంతసేపు పడుతుంది. తొందరపడి మధ్యలో కట్టెయ్యకూడదు.

ఫోనులోనూ కంప్యూటరులోనూ కూడా ఉత్తరాలు చూసేవారికి ఇంకో చిక్కుంది. 1986లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో మార్క్ క్రిస్పిన్ రూపొందించిన ఐమాప్ అనే పద్ధతిలో ఉత్తరాలు సర్వరు దగ్గరే ఉంటాయి. ఏది విప్పామో ఆ గుర్తూ అక్కడే ఉంటుంది. ఫోనులో విప్పిన సంగతి సర్వరుకి చేరి, అక్కణ్ణుంచి కంప్యూటరుకి అందేదాకా రెండుచోట్లా రెండు అంకెలు కనిపిస్తాయి. అది జబ్బు కాదు, ఆలస్యం. అన్నట్టు, ఆ గుర్తు పేరు ‘సీన్’, అంటే ‘చూసినది’. ‘చదివినది’ అనలేదు, గమనించారా? చూడడానికీ చదవడానికీ తేడా ఉందని ఇరవై ఏళ్ళుగా క్లాసులో మొత్తుకుంటున్నాను. ఆ పేరు పెట్టినవారికి నమస్కారం.

సరే, అతను నా కంప్యూటరులోనూ చిట్టా కొత్తగా రాయించాడు. అంకె మాయమైంది. కాఫీ తాగి వచ్చేసరికి మళ్ళీ ‘1’!

“ఇది తప్పు లెక్క కాదు మాస్టారూ. ఎక్కడో నిజంగానే ఒకటుందండి” అన్నాడు.

చదవనివి మాత్రమే చూపించమనే బొత్తాం ఒకటి పైనే ఉంది. ఇన్నాళ్ళూ దాని మొహం చూడలేదు నేను. అది నొక్కాడు. (జీమెయిలు వాడేవారు వెదికే చోట ఈజ్, కోలన్ గుర్తు, అన్‌రెడ్ అని ఇంగ్లీషు అక్షరాల్లో, మధ్య ఖాళీ లేకుండా కొడితే ఇదే పని జరుగుతుంది.)

ఒకే ఒక్క ఉత్తరం. నా దగ్గర బి.ఏ. చదివిన అమ్మాయిది. కళాశాల సంచిక విషయమై 2021లో నేను రాసిన ఉత్తరం వెదికి తీసి, దానికే జవాబుగా రాసింది. ఒక విషయం మీద నడిచిన ఉత్తరాలన్నీ ఒక కట్టగా చుట్టి, కట్టలో మొదటి ఉత్తరం తేదీ ప్రకారం వరసలో పెట్టేలా ఎప్పుడో నేనే అమర్చుకున్నాను. అంచేత ఆ జవాబు వెళ్ళి 2021 నాటి కట్టలో అడుగున పడింది. అలాటి కట్ట పేరు కింద సన్నని గీత ఒకటి వస్తుందట. అంత కిందికి నేను పోనేలేదు.

పరిశోధనకి దరఖాస్తు పెడుతోందట. తన్ను గురించి నన్ను నాలుగు మాటలు రాసిమ్మంది. ఆఖరు తేదీ కూడా రాసింది. అది వెళ్ళిపోయి పంధొమ్మిది రోజులు. చివర, వీలు కాకపోతే ఆ ముక్కైనా రాయమనీ, ఇంకొకరిని అడుగుతాననీ ఉంది.

మీ పెట్టె పక్కన ఇలాటి అంకె ఉంటే, రిపేరు సంగతి తరువాత. ముందు చదవనివి చూపించమని అడగండి. అన్నీ చదివినట్టు గుర్తు వేసే బొత్తాం కూడా ఉంటుంది. చాలామంది విసుగెత్తి అది నొక్కేస్తారు. అంకె పోతుంది, ఉత్తరం అలాగే ఉండిపోతుంది. ఆ వారంలో నేనూ నొక్కబోయినవాణ్ణే.

సాయంత్రం ఆ అమ్మాయికి ఫోను చేశాను. వేరే మేడంగారు రాసిచ్చారట, దరఖాస్తు సకాలంలోనే వెళ్ళిందట.

“మీరు చూసే ఉంటారు, తీరిక లేదేమో అనుకున్నానండి” అంది.

“చూడలేదమ్మా” అన్నాను.

ఒక్క క్షణం ఊరుకుని, “పరవాలేదండి మాస్టారూ” అంది. నీ ఉత్తరం ఉందని కంప్యూటరు రెండు నెలలుగా చెబుతూనే ఉంది, నేనే నమ్మలేదు అని చెబుదామనుకున్నాను గాని, అది ఇంకా నమ్మేటట్టు లేదు. ఆ రాత్రి కూర్చుని తనకి వివరంగా రాశాను. పాత కట్టలో కాదు, కొత్త ఉత్తరమే.