తప్పు రియాద్ నీళ్ళది కాదు

ఈసారి పోస్టు కొంచెం కోపంగా ఉంటుంది. తెలుగులో కోపంగా రాయడం నాకు ఇదే మొదటిసారి. మాటలు అటూ ఇటూ అయితే ఎప్పటిలాగే కామెంట్లలో సరిచేయండి.

సంగతి ఇది. నాన్నకి ఫైనల్ ఎగ్జిట్ దగ్గర పడింది. ఇరవై ఆరేళ్ళ తర్వాత అమ్మా నాన్నా ఇండియా వెళ్ళిపోతున్నారు. ఇల్లు అప్పగించే ముందు ఓనరు తరఫు మనిషి వచ్చి అన్నీ చూశాడు. బాత్రూం గీజర్ పనిచేయడం లేదు. విప్పించి చూస్తే లోపల కాయిల్ కనబడదు. దాని చుట్టూ తెల్లగా, రాయిలా ఏదో పేరుకుని ఉంది. "మీరే పాడు చేశారు" అని అడ్వాన్సులో 600 రియాళ్ళు కోస్తానన్నాడు. నాన్న వాదించలేదు. "పోనీలేరా, ఇక్కడి నీళ్ళే అంత" అన్నారు.

ఆ మాట దగ్గరే నా గొడవ.

రియాద్‌లో తెలుగువాళ్ళు ఎవరింటికి వెళ్ళినా ఈ మాట వింటాను. జుట్టు ఊడితే నీళ్ళు. కుళాయి మీద తెల్ల మచ్చలు వస్తే నీళ్ళు. వాషింగ్ మెషీన్ ఆగిపోతే నీళ్ళు. ఒక ఆంటీ అయితే కొడుకు మార్కులు తగ్గినా నీళ్ళనే అంటారేమో అనిపిస్తుంది. (ఆంటీ ఈ బ్లాగు చదవరు, పర్వాలేదు.)

కానీ "ఇక్కడి నీళ్ళు" అంటే ఏవి? ఈ ఊరికి నది లేదు. ఊరు సముద్రానికి సుమారు 600 మీటర్ల ఎత్తులో ఉంది. గల్ఫ్ ఒడ్డున జుబైల్‌లో సముద్రపు నీళ్ళలో ఉప్పు తీసేసి, 460 కిలోమీటర్ల పైపుల్లో పంపులతో పైకి తోస్తారు. 1980ల నుంచి ఇలాగే వస్తున్నాయి. తర్వాత రాస్ అల్ ఖైర్ ప్లాంటు కూడా కలిసింది. ఉప్పు తీసిన నీళ్ళలో కాల్షియం దాదాపు ఉండదు. అలాగే వదిలితే పైపులనే తినేస్తాయి కాబట్టి ప్లాంటులోనే మళ్ళీ కొంచెం ఖనిజాలు కలుపుతారు.

ఇంకో రకం నీళ్ళు భూమి లోపలివి. మింజూర్ అనే పొరలోకి 1,200 మీటర్లకు పైగా లోతు బోర్లు వేశారు. ఆ నీళ్ళు పైకి వచ్చేటప్పటికే వేడిగా ఉంటాయి, బాగా కఠినంగా ఉంటాయి. వాటిని చల్లబరిచి, శుద్ధి చేసి, సముద్రపు నీళ్ళతో కలుపుతారు. అంటే "రియాద్ నీళ్ళు" అని ఒకటే రకం లేదు. మీ బిల్డింగు కింద ట్యాంకులోకి ఏం వచ్చిందో అవే మీ నీళ్ళు.

మా ట్యాంకులోకి ఏం వచ్చిందో నాకు తెలుసు. సరఫరా చాలనప్పుడు ఓనరు వాయిత్ తెప్పించేవాడు. వాయిత్ అంటే ఇక్కడ నీళ్ళ ట్యాంకర్. ఆ నీళ్ళు ఎక్కడివో మాకు ఎప్పుడూ చెప్పలేదు. పోయిన నెల నేను హార్డ్‌నెస్ చూసే కాగితం పట్టీలు కొన్నాను. పైపు నీళ్ళు వచ్చిన రోజు ఒక రంగు. ట్యాంకర్ వచ్చిన మర్నాడు డబ్బా మీద "చాలా కఠినం" అని ఉన్న చివరి రంగు. మూడుసార్లు చూశాను, మూడుసార్లూ అంతే. అన్నిటికీ ఫోటోలు తీసి పెట్టుకున్నాను.

ఇప్పుడు మాటల సంగతి, ఎందుకంటే ఇది తెలుగు నేర్చుకునే బ్లాగు. హార్డ్ వాటర్‌ని పుస్తకాల్లో "కఠిన జలం" అంటారు. ఈ మాట ఇంట్లో ఎవరూ అనగా నేను వినలేదు. అమ్మని అడిగితే "పప్పు ఉడకని నీళ్ళు" అంది. అమ్మది పిడుగురాళ్ళ దగ్గర ఊరు. అక్కడ నేలంతా సున్నపురాయి, సున్నం బట్టీలకి పేరు. ఇంటి బోరు నీళ్ళతో కందిపప్పు ఎంతసేపు పెట్టినా పలుకుగానే ఉండేదట. అందుకని పప్పుకి మాత్రం వేరే నీళ్ళు మోసుకొచ్చేవాళ్ళు. నేను చదివి చూశాను, నిజమే. నీళ్ళలోని కాల్షియం గింజలోని పెక్టిన్‌ని గట్టిపరుస్తుంది, గింజ మెత్తబడదు. అమ్మకి కెమిస్ట్రీ రాదు, కానీ ఆమె దగ్గర నా పట్టీల కంటే మంచి పరీక్ష ఉంది.

గీజర్ విప్పింది జగిత్యాల వైపు నుంచి వచ్చిన ప్లంబర్ అన్న. ఆయన దాన్ని ఉప్పు అనలేదు. "గిది ఉప్పు గాదు తమ్మీ, సున్నం. పండ్లకు గార వట్టినట్టు వట్టింది" అన్నాడు. గార అంటే పళ్ళ మీద పేరుకునేది అని తెలుసు. పాత గోడలకి పూసే సున్నపు గార కూడా అదే మాట అని ఆ రోజు తెలిసింది. ఒకే మాట నోట్లో, గోడ మీద, గీజర్‌లో! నేను మాత్రం ఇకనుంచి స్కేల్ అనను, గార అంటాను.

గార ఎలా పడుతుందంటే, నీళ్ళలో కరిగి ఉన్న కాల్షియం బైకార్బొనేట్ వేడికి విడిపోయి కాల్షియం కార్బొనేట్ అవుతుంది. అది కరగదు, వేడి ఎక్కువగా ఉన్న చోట, అంటే కాయిల్ మీదే అతుక్కుంటుంది. పొర మందమయ్యేకొద్దీ కాయిల్ వేడి నీళ్ళకి అందదు, కాయిల్ తనే మాడిపోతుంది.

ఇందులో మా తప్పు కూడా ఉంది. ఎనిమిదేళ్ళలో ఒక్కసారి కూడా గీజర్ కడిగించలేదు. వేడి చివరిదాకా తిప్పి ఉంచాం. 60 డిగ్రీల దగ్గర ఆపితే గార ఇంత త్వరగా పట్టదు. ఎండాకాలంలో అందరిలాగే స్విచ్ ఆపేసి, మేడ మీద ట్యాంకు నీళ్ళు కాలిపోతుంటే గీజర్‌ని చన్నీళ్ళ డబ్బాలా వాడుకున్నాం. అప్పుడైనా ఖాళీ చేసి కడగొచ్చు. ఎవరికీ తట్టలేదు.

కానీ ట్యాంకులో ఏ నీళ్ళు పోయాలో మేం నిర్ణయించలేదు. అది ఓనరు నిర్ణయం, ఖర్చు తగ్గేది ఓనరుకి. దాని ఫలితం మాత్రం మా అడ్వాన్సులోంచి పోవాలా? నా లెక్కలో సగం మాది, సగం ఆయనది. "ఇక్కడి నీళ్ళే అంత" అన్న ప్రతిసారీ మనం ఆ సగాన్ని కూడా మన మీద వేసుకుంటున్నాం. సముద్రంతో ఎవరూ కొట్లాడలేరు, కానీ ట్యాంకర్ రసీదు అడగొచ్చు.

షవర్‌కి తగిలించే ఫిల్టర్లు కొనేవాళ్ళకి ఒక మాట. మామూలు కార్బన్ ఫిల్టర్ క్లోరిన్ తగ్గిస్తుంది, కాల్షియంని ఆపదు. ఆ డబ్బుతో నిమ్మ ఉప్పు కొనుక్కోండి. బకాలాలో మిల్హ్ లేమూన్ అని అడిగితే ఇస్తారు. అరబ్బీలోనూ దానర్థం నిమ్మ ఉప్పే! కెటిల్‌లో నీళ్ళు పోసి, ఒక చెంచా వేసి, వేడి చేసి అరగంట వదిలేస్తే గార వదిలిపోతుంది. బ్లీచ్‌తో మాత్రం ఎప్పుడూ కలపకండి, విష వాయువు వస్తుంది.

ఓనరు మనిషికి ఫోటోలన్నీ పంపి, 300 అయితే ఒప్పుకుంటామని అరబ్బీలో రాశాను. ఇంకా జవాబు రాలేదు. నాన్నకి ఇది ఇష్టం లేదు, వెళ్ళేముందు గొడవలెందుకంటారు. అమ్మ మాత్రం మిగిలిన అర కిలో నిమ్మ ఉప్పు సూట్‌కేసులో పెట్టేసింది. పిడుగురాళ్ళలో దొరకదా అని అడిగితే, "దొరుకుతుందిలే, కానీ ఇది కొనేశాం కదా" అంది.