పదునొకండు నెలల కౌలు

కృష్ణా డెల్టాలో నేల యొకరిది, సేద్య మొకరిది యగుట క్రొత్త గాదు. గుడివాడ ప్రాంతముననేమి, దివిసీమలోనేమి, వరి పండించువారిలో కౌలుదారు లనేకులు. ఈ పంట కోసిన పిదప అదే పొలము మరల దక్కునో లేదో వారెఱుగరు. ఈ యనిశ్చయమును తొలగింపవలసిన శాసనములు ఇంతవఱ కేమి చేసినవో విచారింతము.

1956 నాటి ఆంధ్ర కౌలుదారీ చట్టము కౌలునకు కనీసము ఆరేండ్ల గడువు విధించెను. 1974 నాటి సవరణ కౌలుదారుని హక్కును మఱింత గట్టిపఱచెను. ఉద్దేశము శ్లాఘనీయమే. కాని యారేండ్లకు వ్రాసియిచ్చినచో భూమి చేజారునను భయమున పెక్కుమంది యజమానులు కాగితము వ్రాయుటయే మానిరి. ఏటేట రైతును మార్చిరి. చట్టము పుస్తకమున నిలిచెను. కౌలుదారుడు గట్టున నిలిచెను.

2011లో ఋణార్హత కార్డుల చట్టము వచ్చెను. దాని స్థానమున 2019లో వచ్చిన పంటసాగుదారుల హక్కుల చట్టము ఒప్పందమునకు 11 నెలల గడువు పెట్టి, యజమాని సంతకమును కోరెను. ఏడాదికి మించిన కౌలుపత్రమును రిజిస్టరు చేయింపవలెనని 1908 నాటి రిజిస్ట్రేషను చట్టము చెప్పుచున్నది. పట్టణములలో ఇండ్ల యద్దె పత్రములు 11 నెలలకు వ్రాయుట యందువలననే. ఇంటి కా కొలత సరిపోవచ్చును, పొలమునకు సరిపోదు.

దివిసీమ చివరి భూములలో చౌడు విఱుగవలెనన్న జిప్సము వేయవలెను, మంచినీరు పెట్టి మురుగు తీయవలెను, జీలుగ చల్లి కలియదున్నవలెను. ఈ యేటి వ్యయమునకు ఫలము రాబోవు యేండ్లలో గాని రాదు. 11 నెలలవాడు పరుని కొఱకు ఇంత యేల చేయును? కైకలూరు వైపున చేపల చెరువు త్రవ్వించువానికి యజమానులు కొన్నియేండ్ల కౌలు వ్రాసియిచ్చుట కలదు. త్రవ్వకపు ఖర్చు ఒక్క యేట రాదని వారెఱుగుదురు. అన్నము పండించువాని యెడ ఆ న్యాయ మేల లేదు?

యజమానుల భయమును త్రోసివేయరాదు. వారిలో చిన్న కమతములవారు, ఉద్యోగమునకై వలసపోయినవారు, వితంతువులు గలరు. 2016లో నీతి ఆయోగు వెలువరించిన నమూనా కౌలు చట్టము గడువు తీరగనే భూమి యజమానికి చేరునట్లు నిర్దేశించెను. అది మేలు. గడువును మాత్రము ఉభయుల యిష్టమునకు విడిచెను. పొలము దొరకినదే చాలుననుకొను కౌలుదారునకు ఇష్టమెక్కడిది?

కావున మేము కోరునది యిది: కనీస గడువు మూడేండ్లుండవలెను. గడువు తీరిననాడే భూమి యజమానికి మరలవలెను; సాగువలన యే శాశ్వత హక్కును పుట్టదని పత్రమునందే యుండవలెను. శిస్తు ఎగవేసినవానికి ఈ రక్షణ చెల్లరాదు. ఋణపు కార్డు గ్రామసభ సాక్ష్యముతో నీయవలెను. యజమాని సంతకము దాని కడ్డు రాగూడదు.

ఈ పట్టణమున కాపురముండి పల్లెలలో పొలములు గలవారు మన పాఠకులలో పెక్కురు. చట్టము మారువఱకు వేచియుండ నేల? ఈ సార్వాకే తమ రైతునకు మూడేండ్ల కౌలు కాగితముపై వ్రాసి, రిజిస్టరు చేయించి యిత్తురు గాక.