మేడి పట్టిన చెయ్యి

బాలలూ! జమ్మలమడుగు, కోవెలకుంట్ల వైపు రేగడి చేలలో మడక దున్నే సేద్యగాణ్ణి ఎప్పుడైనా గమనించారా? ఎద్దులు చాలు వెంట వాటంతట అవే నడుస్తాయి. అతడు మేడి మీద చెయ్యి వేసి వెనక నడుస్తాడు. నేల లోపల ఏముందో అతనికి కనిపించదు. కాని కర్రు గట్టినేలలో బిగిస్తే, రాయి తగిలి అదిరితే, ఆ సంగతి చేతికి తెలిసిపోతుంది. వెంటనే కర్రును కాస్త పైకి తేలుస్తాడు.

మరి ట్రాక్టరుకు చెయ్యేదీ? పూర్వం నాగలిని ట్రాక్టరు వెనక బండిలా తగిలించేవారు. కర్రు రాతికి పట్టుకుంటే వెనక చక్రాలు కదలలేవు, ఇంజను మాత్రం ఆగదు. అప్పుడు ట్రాక్టరు గుర్రంలా ముందుభాగం ఎత్తి, వెల్లకిలా తోలేవాడి మీదనే పడేది. అలా చాలామంది ప్రాణాలు పోయాయి.

ఐర్లండువాడైన హారీ ఫెర్గుసన్ దీనికి ఉపాయం కనిపెట్టాడు. నాగలిని మూడు కడ్డీలతో బిగించాడు: కింద రెండు, పైన ఒకటి. కింది కడ్డీలు నాగలిని లాగుతాయి. నేల ఎంత గట్టిగా ఉంటే నాగలి అంతగా ముందుకు ఒరగబోయి, పైకడ్డీని నెడుతుంది. ఆ కడ్డీ చివర ఒక స్ప్రింగు ఉంది. అది నొక్కుకోగానే ఒక కవాటం కదిలి, నూనె ఒత్తిడితో నాగలి కొద్దిగా పైకి లేస్తుంది. నేల మెత్తబడగానే దిగుతుంది. పైకడ్డీ నెట్టుడుకు ట్రాక్టరు ముందుభాగం కూడా లేవకుండా ఉంటుంది. 1939లో ఫోర్డు కంపెనీ ఈ ఏర్పాటుతో ట్రాక్టర్లు తయారుచేసింది. మూడు కడ్డీలు ఇప్పటి ట్రాక్టర్లకూ ఉన్నాయి, మీ ఊళ్ళో చూడండి. ఇంజను ఆపి ఉన్నప్పుడే సుమా! దారి చూసేది మనిషి, లోతు చూసుకునేది యంత్రం.

ఈ పొత్తు మరబండ్లకు మరీ అవసరం. అంగారక గ్రహం మీద తిరిగే బండికి మన ఆజ్ఞ చేరటానికి 3 మొదలు 22 నిమిషాలు పడుతుంది. అంతదూరం నుంచి మేడి ఎవరు పట్టగలరు? 2009లో అమెరికావారి 'స్పిరిట్' బండి కింద, పైకి గట్టిగా కనిపించిన పొర పగిలి, చక్రాలు మెత్తని ఇసుకలో దిగబడ్డాయి. వాన వెలిసిన మర్నాటి రేగడి కూడా ఇంతే కదా! కెమెరా కళ్ళకు ఆ మోసం అందలేదు. బండి ఇక బయటపడనే లేదు. 2010 మార్చి తర్వాత దాని కబురే రాలేదు.

అందుకే ఇలాంటి బండ్లలో మోటారు తీసుకునే కరెంటును కొలుస్తూ ఉంటారు. చక్రానికి కష్టం పెరిగితే కరెంటు పెరుగుతుంది. హద్దు దాటితే, భూమిని అడగకుండానే బండి ఆగిపోతుంది.

మీ కంపాసు పెట్టెకు రబ్బరు బాండు తగిలించి కడప బండ మీద ఒకసారి, ఇసుకలో ఒకసారి లాగండి. రబ్బరు ఎక్కడ ఎంత సాగిందో స్కేలుతో కొలవండి. తర్వాత కళ్ళు మూసుకుని లాగి, కింద ఉన్నది బండో ఇసుకో చెప్పగలరేమో చూడండి.